ఈ-సిగరెట్ తుంపరలో ఏముందో ల్యాబులో ఎట్టా పట్టాలి

నెల్లూరులో మా ల్యాబుకి ప్రాజెక్టు కోసం వచ్చే ఎమ్మెస్సీ పిల్లలు మొదట అడిగేది ఇదే, సార్ ఇది పొగ కాదు కదా ఉత్త ఆవిరేగా అని. ఆవిరి కాదు నాయనా, దాంట్లో పోసే ద్రవంలోని ప్రొపైలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, కాయిల్ అనే వేడెక్కే తీగ వేడికి మరిగి బయటికొచ్చి చల్లబడతానే సన్నటి తుంపర అయిపోద్ది, ఆ వేడికే కొంచెం విరిగి ఫార్మాల్డిహైడ్, అసిటాల్డిహైడ్, అక్రోలిన్ అనే ఆల్డిహైడ్లు అవుతాయి. మాది ఒంగోలు పక్క పల్లె, పొగాకు ఆరబెట్టే బ్యారన్ కాల్చే రోజుల్లో దాని ఘాటు ముక్కుకి తెలిసేది, ఇదేమో మామిడిపండు వాసన వస్తది, అందుకే ముక్కుని నమ్మకుండా కొలవాల.

ముందు ఒక మాట. 2019 నుంచి మన దేశంలో ఈ-సిగరెట్ల అమ్మకం, దిగుమతి, నిల్వ అన్నీ నిషేధం, ఎవరో ఫ్రెండ్ తెచ్చాడని టెస్ట్ చెయ్యొద్దు, అధికారులు సీలేసి కాగితంతో సహా పంపిన శాంపిలే ముట్టుకోండి. నా చేతికొచ్చిన ఒకటి అచ్చం హైలైటర్ పెన్ లాగుంది, పిల్లోడి బ్యాగులో కనపడినా వాళ్ళమ్మ పెన్నే అనుకుంటది, అది చూసినరోజు నాకు అన్నం సయించలా.

నోటితో పీల్చి చూడటం వద్దే వద్దు, దానికి మెషీన్ ఉంది. ఐఎస్ఓ 20768 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఒక్కో పఫ్ (ఒక్క పీల్పు) 55 మిల్లీలీటర్లు, 3 సెకన్లు, 30 సెకన్లకి ఒకటి. 50 పఫ్‌లు తీస్తే 25 నిమిషాలు పడతది, లాగిన గాలి 2.75 లీటర్లు. ఆ 50కి ముందూ వెనకా డివైస్‌ని తూకం వేసి రాసుకోండి, ఇది మాత్రం మర్చిపోవద్దు, ఎందుకంటే లోపల ద్రవం పీల్చుకునే దూది ఎండిపోతే తగ్గే బరువు పడిపోద్ది, ఆల్డిహైడ్లేమో ఒక్కసారిగా పైకి లేస్తాయి, తూకం లేకపోతే ఆ నంబరు మాడిన దూదిదో మామూలు వాడకానిదో మీకే తెలవదు.

ఆల్డిహైడ్లని డీఎన్‌పీహెచ్ (వాటితో కలిసి పట్టేసుకునే రసాయనం) ద్రావణంలో తుంపరని బుడగలుగా పోనిచ్చి పట్టాలి, తర్వాత హెచ్‌పీఎల్‌సీలో, అంటే ద్రావణంలోవాటిని విడదీసి కొలిచే మెషీన్‌లో, 360 నానోమీటర్ల కాంతి దగ్గర చూడాలి. అక్రోలిన్ ఆమ్లంలో నిలవదు, కాబట్టి పట్టినాక కొంచెం పిరిడిన్ వెయ్యండి. డీఎన్‌పీహెచ్ పొడిని తడి ఆరనివ్వొద్దు, ఎండితే పేలుద్ది.

బ్లాంక్, అంటే తుంపర లేకుండా అదే పద్ధతిలో చేసిన ఖాళీ టెస్ట్, లేకుండా మాత్రం ఏదీ నమ్మొద్దు. పోయిన మే నెలలో కరెంటు పోయి కిటికీ తీశాం, పక్క గదిలో ఎవరో అసిటోన్‌తో గ్లాసులు కడగతా ఉన్నారు, మా బ్లాంక్‌లో అసిటోన్ పీక్ (గ్రాఫు మీద మొన) తాటిచెట్టంత లేచింది, ఆ రోజు పని మొత్తం పారబోశాం. కొత్త ప్లైవుడ్ బీరువా ఉన్న గదిలో ఫార్మాల్డిహైడ్ కూడా అట్టాగే వస్తది.

నికోటిన్‌కి ఫిల్టర్ ప్యాడ్ మీద పట్టి జీసీ (ఆవిరిగా మార్చి విడదీసి కొలిచే మెషీన్) చాలు, కాకపోతే మన సముద్రపు తేమకి గ్లిజరిన్ నీళ్ళు లాగేస్తది, ప్యాడ్‌ని ఆలస్యం చెయ్యకుండా తూచండి. నికెల్, క్రోమియం, సీసం కాయిల్ నుంచీ అతుకుల నుంచీ వస్తాయి, వాటికి ఐసీపీ-ఎంఎస్ (అతి కొంచెం లోహాన్ని కూడా కొలిచే మెషీన్) కావాల, అక్కడ గ్లాస్ ఫైబర్ ఫిల్టర్ వాడితే దాంట్లో లోహమే మీ లెక్కలో కలిసిపోద్ది.

రిపోర్టులో పఫ్‌కి ఎన్ని మైక్రోగ్రాములు, ఖర్చయిన ద్రవం మిల్లీగ్రాముకి ఎన్ని అని రెండూ రాయండి, పక్కనే ఎన్ని వాట్లలో తీశారో, ట్యాంకులో ద్రవం ఎంత మిగిలుందో కూడా.