పెళ్లయ్యాక మీ ఓటు ఎక్కడుంది? విశాఖ మహిళలకు ఓటరు దరఖాస్తు విధానం

పెళ్లై కంచరపాలెం వచ్చిన మూడో ఏడు ఎన్నికలు వచ్చాయి. పొద్దున్నే వంట ముగించుకుని, ఓటరు కార్డు పర్సులో పెట్టుకుని మా అత్తగారితో కలిసి బూత్‌కి వెళ్లాను. ఆవిడ వేలికి సిరా వేయించుకుని బయటికొచ్చేశారు. నన్ను మాత్రం స్లిప్పులు రాసే బల్ల దగ్గరే ఆపేశారు. కార్డు చేతిలో ఉంది, జాబితాలో పేరు లేదు. నా పేరు బొబ్బిలిలో, మా నాన్నగారి ఇంటి నంబరు కింద ఉండిపోయింది. పెళ్లైన నెలలోపే ఆధార్‌లో అడ్రస్ మార్చారు, రేషన్ కార్డులో నన్ను చేర్చారు. ఓటు సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

అప్పట్నుంచి మా చుట్టుపక్కల కొత్త కోడలు ఎవరు వచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న ఓటు మార్చుకున్నావా అనే. తొంభై పాళ్లు "ఎలక్షన్ వచ్చినప్పుడు చూద్దాంలే అక్కా" అంటారు. అప్పుడు చూస్తే కుదరదు. నామినేషన్లకు ఆఖరి రోజు దాటాక ఆ ఎన్నికకు జాబితాలో కొత్త పేరు చేర్చడానికి చట్టం ఒప్పుకోదు. దరఖాస్తు పరిశీలనకూ టైమ్ పడుతుంది కాబట్టి, ఆ తేదీకి కనీసం పది రోజుల ముందైనా అది వాళ్ల చేతిలో ఉండాలి. అసలు ఎన్నికల హడావుడి లేని నెలల్లో చేసుకుంటే ఏ టెన్షనూ ఉండదు.

ఏ ఫారం ఎవరికి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఇంతకు ముందు దేశంలో ఎక్కడా ఓటు లేనివాళ్లకు ఫారం 6. ఓటు ఉండి ఇల్లు మారినవాళ్లకు ఫారం 8. పెళ్లై వచ్చిన అమ్మాయికి ఇక్కడ ఓటు "కొత్తది" కదా అని ఇంట్లోవాళ్లు ఫారం 6 పెట్టించేస్తారు. ఆ ఫారంలో, నా పేరు మరే నియోజకవర్గంలోనూ లేదని మీరు సంతకం పెట్టి చెబుతున్నారు. పుట్టింట్లో పేరు ఉండగా అలా రాస్తే అది తప్పుడు డిక్లరేషన్ అవుతుంది. దానికి ఏడాది వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఉంది. తెలియక చేశామంటే సరిపోదు.

ఫారం 8 పెడితే పాత చోట పేరు వాళ్లే తీసి కొత్త చోట చేరుస్తారు, కార్డు నంబరు అదే ఉంటుంది. పుట్టిల్లు పక్క వీధైనా, పక్క జిల్లా అయినా 2022 ఆగస్టు నుంచి దీనికి ఇదొక్కటే ఫారం. అదే నియోజకవర్గంలో ఇల్లు మారితే ఫారం 8ఏ అనే పాత పద్ధతి ఇప్పుడు లేదు. గూగుల్‌లో పాత వీడియోలు చూసి దానికోసం వెతక్కండి.

ఫారం 8లో నాలుగు పనులు రాసి ఉంటాయి: ఇల్లు మారడం, వివరాల్లో తప్పులు దిద్దుకోవడం, కార్డు పోతే మళ్లీ తీసుకోవడం, దివ్యాంగులుగా నమోదు కావడం. వీటిలో ఒకదానికే టిక్ పెట్టాలి. పెళ్లితో ఇల్లూ మారి ఇంటిపేరూ మారితే ఒక్క దరఖాస్తుతో రెండూ అవవు. ముందు ఇల్లు మార్పించుకుని, అది పూర్తయ్యాక పేరు దిద్దుకోండి. అయినా ఇంటిపేరు మార్చుకోవాలన్న రూలేమీ లేదు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న పేరుతోనే మీ ఓటు జీవితాంతం ఉండొచ్చు. నాది అలాగే ఉంది.

పదిహేడు నిండిన ఆడపిల్లలు ఇంట్లో ఉంటే ఇప్పుడే ఫారం 6 పెట్టించేయండి. జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1, ఈ నాలుగింటిలో పద్దెనిమిది నిండాక వచ్చే తేదీ నుంచి అమ్మాయి పేరు జాబితాకి ఎక్కుతుంది. ఇంటర్ అవగానే సంబంధాలు చూసే ఇళ్లకు ఇది మరీ మరీ చెబుతున్నాను. పెళ్లికి ముందే పేరు ఎక్కితే తర్వాత ఒక్క ఫారం 8తో సరిపోతుంది.

పేరు రాసే గడి

ఫారంలో మొదటి గడి పేరు. ఇదేం చెప్పాలి అనుకోకండి. స్వతంత్ర భారతంలో 1951-52లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికల జాబితా తయారు చేస్తున్నప్పుడు చాలామంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్యననీ, ఫలానావారి కూతురిననీ రాయించారు. సొంత పేరు లేనిదే జాబితాలో ఉంచకూడదని అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టారు. అలా దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు జాబితాలోంచి పోయాయి. ఓటు హక్కు చేతికొచ్చీ, పేరు చెప్పలేక పోగొట్టుకున్నారు. ఆ అంకె తలుచుకున్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

మన విశాఖ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1921లోనే అక్కడ ఆడవాళ్లకు ఓటు ఇచ్చారు. కాకపోతే ఆస్తి, పన్ను లెక్క చూసి ఇచ్చారు కాబట్టి అది అందింది కొద్దిమందికే. చదువు, ఆస్తి, కులం, ఆడా మగా ఏదీ చూడకుండా అందరికీ ఓటని చెప్పింది రాజ్యాంగంలోని 326వ అధికరణం. అప్పుడు వయసు 21. 1989 నుంచి 18.

ఇప్పుడెవరూ ఫలానావారి భార్య అని రాయించరు. పేరులో వచ్చే చిక్కు ఇప్పుడు స్పెల్లింగుది. పెద జాలరిపేటలో ఒకావిడ చేపల బుట్ట పక్కన పెట్టి, ముడి వేసిన పాలిథిన్ కవర్ విప్పి చూపించింది. ఆధార్‌లో అప్పలనరసమ్మ, పాత ఓటరు కార్డులో అప్పలనర్సమ్మ, బ్యాంకు పాస్‌బుక్‌లో ఎ. నరసమ్మ. ముగ్గురూ ఆవిడే. తడి చేత్తో ముట్టుకోవడం వల్ల కార్డు మీద ఫొటో సగం చెరిగిపోయింది. ఇలాంటప్పుడు ఏదో ఒక పేరు పట్టుకుని అన్ని చోట్లా అదే పెట్టుకోవాలి. మామూలుగా ఆధార్‌లో ఉన్నది పట్టుకోవడం తేలిక.

ఆన్‌లైన్‌లో నింపుతుంటే ఇంగ్లీషులో టైప్ చేసిన పేరు పక్క గడిలో దానంతటదే తెలుగులోకి మారిపోతుంది. అది తప్పు కొడుతుంది. లక్ష్మి లక్స్మి అవుతుంది, ఒత్తులు ఎగిరిపోతాయి. సబ్మిట్ నొక్కే ముందు ఆ తెలుగు గడిని అక్షరం అక్షరం చదివి చేత్తో దిద్దండి. నెట్ సెంటర్‌లో నింపిస్తుంటే స్క్రీన్ మీ వైపు తిప్పించుకుని చదవండి, మొహమాటపడొద్దు.

తర్వాతి గడిలో బంధువు పేరు అడుగుతుంది. తండ్రి, తల్లి, భర్త వీళ్లలో ఎవరి పేరైనా ఇవ్వొచ్చు. భర్త పేరే రాయాలని ఎక్కడా లేదు. ఒంటరిగా ఉంటున్నవాళ్లు, విడిగా ఉంటున్నవాళ్లు తల్లి పేరు నిశ్చింతగా రాసుకోవచ్చు.

కాగితాలు

వయసుకు పుట్టిన సర్టిఫికెట్, పది లేదా ఇంటర్ సర్టిఫికెట్, ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్‌లలో ఏదో ఒకటి చాలు. అడ్రస్‌కు కరెంటు, నీళ్ల, గ్యాస్ బిల్లు, ఆధార్, పాస్‌బుక్, పాస్‌పోర్ట్, రిజిస్టర్ అయిన అద్దె ఒప్పందం లేదా ఇంటి దస్తావేజు. వీటిలో ఒక్కటీ మీ పేరు మీద లేకపోతే కంగారు పడకండి. అదే ఇంట్లో ఓటున్న భర్త పేరు మీద గానీ, తల్లిదండ్రుల పేరు మీద గానీ ఉన్నా పనికొస్తుంది. ఆధార్ నంబరు లేనివాళ్లకు లేదని రాసే గడి కూడా ఫారంలో ఉంది. ఫొటో ఒకటి. ఫీజు లేదు, ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు.

ఏ కాగితమూ లేనివాళ్లున్నారు. ఫ్లైఓవర్ కింద, రైల్వే స్టేషన్ పరిసరాల్లో రాత్రుళ్లు పడుకునే ఆడవాళ్లకూ ఓటుంది. ఫారంలో రాసిన చోటుకి బీఎల్ఓ, అంటే ఆ బూత్ జాబితా చూసే బూత్ లెవెల్ ఆఫీసర్, రాత్రిపూట వెళ్లి, నిజంగా అక్కడే పడుకుంటున్నారని చూసుకుంటే చాలు, అడ్రస్ ప్రూఫ్ అడగరు. ఇలాంటివాళ్లు మీకు తెలిస్తే తోడు వెళ్లి ఫారం పెట్టించండి, వాళ్లంతట వాళ్లు రారు.

ఆంధ్రా యూనివర్సిటీ హాస్టళ్లలో ఉండే అమ్మాయిలు ఇంటి దగ్గర ఓటు ఉంచుకోవచ్చు, లేదా కాలేజీ నుంచి బోనఫైడ్ తీసుకుని ఇక్కడ పెట్టుకోవచ్చు. రెండు చోట్లా మాత్రం కుదరదు.

మన ఊళ్లో తూర్పు నౌకాదళం ఉంది కాబట్టి ఈ మాట కూడా. నేవీలో ఉన్నవారు సర్వీస్ ఓటరుగా, అంటే సైనిక దళాల్లో ఉన్నవారికి ఇచ్చే ప్రత్యేక పద్ధతిలో నమోదైతే, వాళ్లతో కలిసి ఉంటున్న జీవిత భాగస్వామి కూడా అదే దరఖాస్తులోని డిక్లరేషన్‌తో సర్వీస్ ఓటరు అవుతారు. ఇంతకుముందు చట్టంలో భార్య అనే మాట ఉండేది. ఆఫీసరు ఆమె అయితే ఆమె భర్తకు ఈ వీలు ఉండేది కాదు. 2021 సవరణతో అది మారింది.

ఎక్కడ ఇవ్వాలి, ఇచ్చాక ఏమవుతుంది

ఓటర్స్ డాట్ ఈసీఐ డాట్ గవ్ డాట్ ఇన్ సైట్‌లో గానీ, ఎన్నికల సంఘం యాప్‌లో గానీ ఫోన్ నంబరు, ఓటీపీతో లాగిన్ అయి నింపొచ్చు. ఫోన్ చేతకాకపోతే మీ బీఎల్ఓకి కాగితం మీద ఇవ్వండి. బీఎల్ఓలు చాలాచోట్ల సచివాలయ సిబ్బందో, అంగన్‌వాడీ టీచర్లో అయి ఉంటారు, మీకు ముఖ పరిచయం ఉన్నవాళ్లే కావొచ్చు. ఎవరో తెలియకపోతే 1950కి ఫోన్ చేస్తే చెబుతారు. కాగితం ఇచ్చినా ఆన్‌లైన్‌లో పెట్టినా రిఫరెన్స్ నంబరు వస్తుంది. మీ సొంత ఫోన్ నంబరే ఇవ్వండి, మీ ఆయన నంబరు కాదు. ఈ-కార్డు డౌన్‌లోడ్ చేసుకోవాలన్నా, దరఖాస్తు ఎక్కడి దాకా వచ్చిందో తెలియాలన్నా మెసేజ్ ఆ నంబరుకే వెళ్తుంది.

దరఖాస్తు అందాక అభ్యంతరాలకు ఏడు రోజుల గడువు ఇస్తారు. ఈలోగా బీఎల్ఓ ఇంటికొచ్చి చూస్తారు. నా మొదటి దరఖాస్తు ఇక్కడే పోయింది. వాళ్లు వచ్చిన రోజు మేం పెళ్లికి వెళ్లాం, ఇంటికి తాళం. ఆ అడ్రస్‌లో లేరని రాసేశారు, నాకు కబురు కూడా లేదు. అందుకే దరఖాస్తు పెట్టిన వారంలో బీఎల్ఓకి మీరే ఫోన్ చేసి, ఎప్పుడు వస్తారో కనుక్కోండి. పక్కింటి వాళ్లకీ ఓ మాట చెప్పి ఉంచండి, "ఆ పేరుగల వాళ్లెవరూ లేరే" అనకుండా.

దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వాలి. నచ్చకపోతే పదిహేను రోజుల్లోపు జిల్లా ఎన్నికల అధికారికి, అంటే కలెక్టర్‌కి అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా కాకపోతే ముప్పై రోజుల్లోపు రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి. చిన్న కారణమైతే అప్పీలు కన్నా మళ్లీ ఫారం పెట్టుకోవడం తొందరగా అవుతుంది. నేను అదే చేశాను.

ఉన్న పేరు కూడా అప్పుడప్పుడు చూసుకుంటూ ఉండాలి. పేరు తీసేయమని అడిగే ఫారం 7 అదే నియోజకవర్గంలో ఓటున్నవాళ్లెవరైనా పెట్టొచ్చు. 2019 ఎన్నికల ముందు మన రాష్ట్రంలో ఓటర్లకు తెలియకుండా వాళ్ల పేర్ల మీద ఇవి కుప్పలుగా పడ్డాయి. ఏడాదికి రెండుసార్లు కార్డు నంబరు కొట్టి సైట్‌లో వెతకండి. పుట్టింట్లో అమ్మానాన్నల ఓటు ఏ నియోజకవర్గంలో, ఏ బూత్‌లో, ఎన్నో వరుసలో ఉందో కూడా ఓ కాగితం మీద రాసి పెట్టుకోండి. 2025లో బిహార్‌లో మొదలైన ఓటరు జాబితా ప్రత్యేక సమగ్ర సవరణలో (ఎస్ఐఆర్), పాత జాబితాలో తమ పేరు లేనివాళ్లకు తల్లిదండ్రుల పేరున్న పేజీ ఎంతో అక్కరకొచ్చింది. అత్తింటికి వచ్చిన ఆడవాళ్లకు ఆ పేజీ దూరంలో ఉంటుంది మరి.

పోటీ చెయ్యాలన్నా ఇదే జాబితా

ఓటేయడంతోనే ఆగిపోనక్కర్లేదు. 2024 ఎన్నికల నాటికి మన రాష్ట్ర జాబితాలో మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువ. విశాఖ ఎంపీలుగా 1989లో ఉమా గజపతిరాజు, 2009లో పురందేశ్వరి గెలిచారు. పక్కనున్న అరకు అయితే 2014, 2019, 2024 మూడుసార్లూ వరసగా ఆడవాళ్లనే పార్లమెంటుకు పంపింది. 2021లో 98 వార్డుల జీవీఎంసీకి, అంటే మన విశాఖ నగరపాలక సంస్థకి, ఎన్నికలు జరిగాక మేయర్ కుర్చీలో కూర్చున్నది గొలగాని హరి వెంకట కుమారి. రాష్ట్రంలో స్థానిక సంస్థల సీట్లలో సగం ఆడవాళ్లవే. అసెంబ్లీలో, లోక్‌సభలో మూడో వంతు ఇస్తామని 2023లో రాజ్యాంగ సవరణ చేసి, జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలని అందులోనే రాశారు. వార్డుల్లో మాత్రం ఆ ఎదురుచూపు లేదు.

వార్డుకి నిలబడాలంటే 21 ఏళ్లు నిండి, జీవీఎంసీ జాబితాలో ఓటరై ఉండాలి. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి పనికిరారన్న నిబంధనను 2024 నవంబర్‌లో అసెంబ్లీ ఎత్తేసింది. ముగ్గురు పిల్లల తల్లులు ఇక ఆ కారణంతో వెనక్కి తగ్గక్కర్లేదు. అసెంబ్లీకైతే 25 ఏళ్లు, డిపాజిట్ 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే చాలు, స్వతంత్రులకు పదిమంది కావాలి. ఆ పదిమందీ అదే నియోజకవర్గం ఓటర్లయి ఉండాలి. ఓటు ఇంకా పుట్టింటి ఊళ్లోనే ఉండి, ఇక్కడ అసెంబ్లీకి నామినేషన్ వేయదలిస్తే, అక్కడి జాబితాలో మీ పేరున్న భాగానికి ధ్రువీకరించిన నకలు జత చేయాలి. దాన్ని అక్కడి ఓటరు నమోదు అధికారి కార్యాలయంలోనే తీసుకోవాలి కాబట్టి, నామినేషన్ల తేదీలు వచ్చేదాకా ఆగకుండా ముందే వెళ్లి తెచ్చుకోండి.