రాతలో ఆడ, మగ వివక్ష దొర్లకుండా చూసుకోవడం ఎలా

వార్తల డెస్క్‌లో కూర్చుని ఇతరులు రాసిన కాపీ దిద్దడం నా పని. అచ్చుతప్పులు ఎవరైనా పట్టుకుంటారు. నేను ఇంకొకటి కూడా చూస్తాను: ఇందులో ఆడవాళ్లను ఒకలా, మగవాళ్లను ఇంకోలా రాశామా అని. ప్రెస్‌నోట్లు, సర్క్యులర్లు, దరఖాస్తు ఫారాలు తయారుచేసే వాళ్లకూ ఈ పద్ధతి పనికొస్తుంది.

ముందు క్రియల చివర చూడండి. తెలుగులో అసలు పేచీ అక్కడే ఉంది. ఏకవచనంలో మగవాళ్లకు 'వచ్చాడు', ఆడవాళ్లకు 'వచ్చింది'. బస్సుకూ ఆవుకూ కూడా ఆ 'వచ్చింది'నే వాడతాం. బహువచనంలో ఈ తేడా లేదు, అందరికీ 'వచ్చారు' ఒక్కటే. గౌరవానికీ అదే. అంటే అందరినీ కలుపుకునే రూపం మనకు ఎప్పటినుంచో ఉంది, కొత్తగా పుట్టించక్కర్లేదు. 'అభ్యర్థి ఫొటో అతికించాలి, అతడు రెండుచోట్ల సంతకం చేయాలి' అని ఉంటే 'అభ్యర్థులు ఫొటో అతికించి రెండుచోట్ల సంతకం చేయాలి' అని మార్చండి. 'డాక్టరు చూస్తాడు' బదులు 'డాక్టరు చూస్తారు' అంటే చాలు.

ఆ గౌరవం అందరికీ సమానంగా అందిందా అన్నది తర్వాత చూడాలి. నా దగ్గరికి తరచూ వచ్చే వాక్యాలు ఇలా ఉంటాయి: 'ప్రమాదం జరిగిన తీరును భర్త పోలీసులకు వివరించారు. భార్య కూడా వాంగ్మూలం ఇచ్చింది.' ఇద్దరూ ఒకే స్టేషన్‌లో ఒకే సంగతి చెప్పారు. ఆయన 'వివరించారు', ఆమె 'ఇచ్చింది'. రాసినవాళ్లకు చిన్నచూపు ఉందని కాదు, అలవాటుగా చెయ్యి అలా పోతుంది. అందుకే కాపీ పూర్తయ్యాక మిగతాదంతా వదిలేసి క్రియలు మాత్రమే వరసగా చదవండి. తేడా ఇట్టే కనబడుతుంది.

ఇక మనుషుల పరిచయం. 'రోడ్డు ప్రమాదంలో వివాహిత మృతి' అని హెడ్డింగ్ పెడతాం. చనిపోయింది మగవాడైతే 'ఆటో డ్రైవర్ మృతి', 'సాఫ్ట్‌వేర్ ఉద్యోగి మృతి' అంటాం. 'వివాహితుడు మృతి' అని నేనెక్కడా చూడలేదు. ఆమె టీచరో, నర్సో, కూలీయో కనుక్కుని అదే రాయాలి. ఇక్కడ నేను వాడే పరీక్ష ఒక్కటే: ఆమె స్థానంలో ఆయన్ను పెట్టి చదవడం. కంపెనీ బాధ్యతలు చేపట్టిన మహిళ గురించి 'ఇంటినీ ఆఫీసునూ సమర్థంగా చక్కబెట్టుకుంటూ' అని రాసుకొస్తారు. అదే మాట మగ ఎండీ గురించి రాయగలరా? రాయలేకపోతే కొట్టేయండి. 'లేడీ డాక్టర్', 'మహిళా కండక్టర్' కూడా అంతే, వార్తకు అవసరమైతే తప్ప వద్దు.

'రైతన్న', 'నేతన్న' మాటల్లో ఎంత ఆప్యాయత ఉందో నాకు తెలుసు. కానీ నాట్లేసి, కలుపు తీసే ఆడవాళ్లకు వాటిలో చోటు లేదు. 'రైతులు', 'చేనేత కార్మికులు' అనండి. 'భర్త ఇంటిపనిలో సాయం చేస్తారు' అంటే ఆ పని ఆమెదేనని ముందే తేల్చేసినట్టు. 'ఇంటిపని చేస్తారు' అంటే సరిపోతుంది. 'ఆడపిల్లలా ఏడుస్తావేం' అన్న మాట మగపిల్లలకూ అన్యాయం చేస్తుంది.

అయితే అన్నిచోట్లా ఆడ, మగ ప్రస్తావన తీసేయడం తప్పు. ఇది గట్టిగా చెబుతున్నాను. 'దంపతుల మధ్య గొడవ, భార్యకు గాయాలు' అన్న హెడ్డింగ్‌లో కొట్టినవాడు మాయమైపోయాడు. గాయాలు వాటంతటవే తగిలినట్టుంది. 'భర్త కొట్టాడని భార్య ఫిర్యాదు' అని రాయండి. నేరం రుజువు కాకముందు రాసినా అది సరైన వాక్యమే. 'మానభంగం' అనకండి, పోయింది ఆమె పరువన్న భావం అందులో ఉంది. 'అత్యాచారం' అనండి. 'ఈవ్‌టీజింగ్' అంటే ఏదో ఆటపట్టించడంలా వినిపిస్తుంది. అది లైంగిక వేధింపు, ఆ పేరుతోనే రాయాలి. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు లింగపరమైన మూసధోరణులపై న్యాయమూర్తుల కోసం విడుదల చేసిన చేతిపుస్తకం కూడా ఈ మాటను మార్చమనే చెప్పింది.

ట్రాన్స్‌జెండర్ల విషయంలో వాళ్లు తమను ఎలా రాయమంటే అలా రాయండి. అడిగే వీల్లేకపోతే పేరు రాసి, క్రియకు 'రు' చేర్చండి. ఇద్దరు ముగ్గురు గొడవపడితే 'హిజ్రాల వీరంగం' అని అందరి మీదా రుద్దకండి. 2014లో సుప్రీంకోర్టు వాళ్లకు మూడో జెండర్‌గా గుర్తింపు ఇచ్చింది కాబట్టి ఫారంలో రెండు గడులే ఉంచితే కుదరదు. 'తండ్రి/భర్త పేరు' అన్నచోట 'తల్లి/తండ్రి/సంరక్షకుల పేరు' పెట్టండి. జెండర్ వివరంతో నిజంగా పనిలేని ఫారమైతే ఆ ప్రశ్నే తీసేయండి.