ఆవిరి మీద చేప, నీళ్లలో చేప: ఎక్కడ తేడా వస్తోంది, ఎలా సరిచేసుకోవాలి

పులుసులో చేపకు చింతపండు, కారం, మెంతులు అండగా ఉంటాయి. ముక్క కాస్త ఎక్కువ ఉడికినా, చేప నిన్నటిదైనా పులుసు సర్దేస్తుంది. ఆవిరి మీద ఉడికించినప్పుడు, మసాలా నీళ్లలో మెల్లగా ఉడికించినప్పుడు ఆ అండ ఉండదు. అందుకే ఒకసారి చేసి, "చప్పగా ఉంది, నీచు వాసన" అని వదిలేసేవాళ్లు చాలామంది. మంచి వంటకాన్ని అలా వదులుకోవద్దని నా మనవి. తేడా వచ్చేది సాధారణంగా మసాలా దగ్గర కాదు, మంట దగ్గర, నీళ్ల దగ్గర.

ముక్క గట్టిపడి, నోట్లో పొడిపొడిగా తగులుతోంది

ఎక్కువ ఉడికింది. కోడి, మేక మాంసంతో పోలిస్తే చేప కండను పట్టి ఉంచే కొల్లాజెన్ తక్కువ, అది తక్కువ వేడికే కరిగిపోతుంది. కాబట్టి మెత్తబడేదాకా ఉడికించాల్సిన పనే లేదు. వేడి 60 డిగ్రీలు దాటి పెరిగేకొద్దీ కండలోని ప్రొటీన్లు బిగుసుకుని లోపలి నీటిని బయటికి పిండేస్తాయి. ఆవిరి వేడి 100 డిగ్రీలు. అంటే బాగా ఉడకడానికీ ఎండిపోవడానికీ మధ్య రెండు మూడు నిమిషాలే ఉంటాయి. ఇడ్లీకి పెట్టే టైమే చేపకూ పెడితే సన్న ముక్కలు పాడవడం ఖాయం.

బరువు చూసి కాదు, మందం చూసి టైమ్ పెట్టండి. బాగా మందంగా ఉన్నచోట అంగుళం ఉంటే 8 నుంచి 10 నిమిషాలు, అరంగుళమైతే 4 లేదా 5. అర కిలో చందువను గాని చిన్న పండుగప్పను గాని కోయకుండా మొత్తంగా పెడితే 8 నిమిషాలు దాటగానే చూడటం మొదలుపెట్టాలి. సన్న చాకు మొనను మందమైన చోట దింపి, ఐదు సెకన్లు ఉంచి, మణికట్టుకు తాకించి చూడండి. చల్లగా ఉంటే ఇంకా కావాలి, వేడిగా ఉంటే అయినట్టే. లోపలి కండ అద్దంలా కనిపించడం మాని తెల్లబడి, రేకులుగా విడివడాలి. థర్మామీటర్ ఉంటే 63 డిగ్రీలు చూసుకోండి. పొయ్యి ఆపాక కూడా లోపలి వేడికి చేప ఇంకొంచెం ఉడుకుతుంది, ఆ లెక్కతో ఒక నిమిషం ముందే దించేయొచ్చు.

ప్రెషర్ కుక్కర్‌లో విజిల్ పెట్టి చేయకండి. లోపల వేడి దాదాపు 120 డిగ్రీలకు వెళ్తుంది, చేప తట్టుకోలేదు. కుక్కర్ తప్ప వేరే పాత్ర లేకపోతే వెయిట్ తీసేసి వాడుకోండి.

తోక దగ్గర ఎండిపోయింది, ముల్లు దగ్గర పచ్చిగా ఉంది

రెండు కారణాలు. ఒకటి, ఫ్రిజ్‌లోంచి తీసిన చేపను తీసినట్టే పొయ్యి మీద పెట్టడం. పావుగంట ముందు బయట పెట్టండి చాలు, మన ఎండల్లో అంతకంటే ఎక్కువ వద్దు. రెండోది, పళ్లెం పాత్రకు సరిగ్గా పట్టేసి ఆవిరి పైకి రావడానికి దారి లేకపోవడం. పళ్లెం చుట్టూ వేలెడు ఖాళీ ఉండాలి. చేపకు రెండు వైపులా ముల్లు తగిలేదాకా రెండు మూడు గాట్లు పెట్టండి. ముక్కైతే సన్నగా ఉన్న తోక భాగాన్ని కిందికి మడిచి మందం సమానం చేయండి. నీళ్లు మరిగి ఆవిరి జోరుగా వచ్చాకే చేపను లోపల పెట్టాలి, మధ్యలో ఊరికే మూత తీయకూడదు.

పళ్లెంలో నీళ్లు నిలిచాయి, చేప చప్పగా, నీచుగా ఉంది

నిజానికి ఎక్కువమందిని ఈ వంటకానికి దూరం చేసేది ఇదే. మూత మీద చేరిన ఆవిరి చుక్కలుగా కిందపడుతుంది, చేపలోంచి కారిన రసం దాంతో కలుస్తుంది. నీచు వాసన చాలావరకు ఆ మడ్డి నీళ్లలోనే ఉంటుంది. చైనాలోని కాంటన్ వంటవాళ్లు చేప ఉడకగానే ఆ నీళ్లు వంపేసి, ఆ తర్వాతే సోయా సాస్ పోసి, ఉల్లికాడలు, అల్లం మీద కాగిన నూనె పోస్తారు. మనం ఆవాలు, వెల్లుల్లి, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పోసినా అంతే బాగుంటుంది. ఉప్పు, నిమ్మరసం కూడా వంపేశాకే సరిచూసుకోవాలి.

మూతకు లోపలివైపు పలచని బట్ట కడితే చుక్కలు పడవు. అరిటాకులో పొట్లం కడితే ఇంకా మంచిది, మసాలా ముక్కను అంటుకునే ఉంటుంది. పార్సీల పాత్రానీ మచ్ఛీ ఇలాంటిదే, పచ్చి కొబ్బరి, కొత్తిమీర చట్నీ పట్టించి అరిటాకులో చుట్టి ఆవిరికి పెడతారు. ఆకును ముందు మంట మీద చూపిస్తే చినగకుండా మడతపడుతుంది.

మట్టి వాసన వస్తోంది

ఇది చేప పాతబడ్డ వాసన కాదు. చెరువు నీటిలోని నాచులాంటి సూక్ష్మజీవుల నుంచి జియోస్మిన్ అనే పదార్థం చేప కొవ్వులో చేరుతుంది. కొత్త వాన పడ్డప్పుడు నేల నుంచి వచ్చేదీ ఆ వాసనే. చెరువుల్లో పెంచిన శీలావతి (తెలంగాణలో రవ్వ), బొచ్చెల్లో ఎక్కువ. కడుపు లోపలి నల్ల పొర, వెన్నుముల్లు వెంట గడ్డకట్టిన రక్తం గీకి తీసేయండి. ఉప్పు, పసుపు రుద్ది కడిగాక, పలచని మజ్జిగలో పావుగంట ఉంచండి. పులుపుకు జియోస్మిన్ కొంత తగ్గుతుంది. నిమ్మరసం మాత్రం గంటలకొద్దీ పట్టించి ఉంచవద్దు, పొయ్యెక్కకముందే కండ పైన తెల్లబడి పిండిలా అవుతుంది. వాసన మరీ గట్టిగా ఉంటే ఆ చేప పులుసుకే. ఆవిరికి పండుగప్ప, చందువ, కొరమీను ఎంచుకోండి.

నీళ్లలో ఉడికిస్తే ముక్కలు చెదిరిపోతున్నాయి

నీళ్లు మరుగుతున్నాయి కాబట్టి. ఈ పద్ధతిలో నీళ్లు తెర్లకూడదు. 70 నుంచి 80 డిగ్రీల మధ్య, గిన్నె అడుగున చిన్న బుడగలు, పైన సన్నటి వణుకు, కాస్త పొగ, అంతవరకే. సిమ్‌లో పెట్టినా మంట ఎక్కువైతే గిన్నె కింద దోసె పెనం పెట్టండి. మరుగు మొదలైందనిపిస్తే అర గ్లాసు చన్నీళ్లు పోయండి. గరిటె పెట్టొద్దు. ముక్కలు ఒకే వరుసలో పట్టే వెడల్పాటి గిన్నె తీసుకోండి, తీసేటప్పుడు చిల్లుల అట్లకాడ వాడండి.

ముక్కలను వేడి నీళ్లలోనే వేయాలి. కోయని మొత్తం చేపను మాత్రం చల్లటి మసాలా నీళ్లలో పెట్టి మెల్లగా వేడి ఎక్కించాలి, లేకపోతే లోపల ఉడికేలోపు పైభాగం విడిపోతుంది.

రుచి పట్టడం లేదంటే లోపం నీళ్లలోనే ఉంది. లీటరుకు రెండు టీస్పూన్ల ఉప్పు, ఉల్లిపాయ, అల్లం, పచ్చిమిర్చి, మిరియాలు, కొత్తిమీర కాడలు వేసి పావుగంట మరిగించి, వేడి తగ్గించాకే చేప వేయండి. ఆ నీళ్లు పారబోయొద్దు. వడకట్టి, టమాటా, చింతపండు చేర్చి చారు కాచుకోవచ్చు.

పైన తెల్లటి గడ్డలు తేలాయి

కండలోంచి బయటికొచ్చిన ప్రొటీన్ వేడికి పేరుకున్నదే అది. తినొచ్చు, చూడ్డానికే బాగోదు. అర లీటరు నీళ్లలో ఒకటిన్నర టేబుల్ స్పూన్ల ఉప్పు కలిపి, ముక్కలు పది నిమిషాలు ఉంచి తుడిచేస్తే బాగా తగ్గుతుంది. ఇలా చేస్తే తర్వాత వేసే ఉప్పు తగ్గించుకోవాలి.

తోలు పళ్లేనికి అంటుకుంటోంది

పళ్లెంలో అల్లం చక్రాలు, ఉల్లికాడలు పరిచి వాటిమీద చేప పెట్టండి. అడుగునా ఆవిరి తగులుతుంది, తోలు ఊడదు.

మిగిలినదాన్ని వేడి చేస్తే గట్టిపడింది

ఒకసారి ఉడికిన చేపను మళ్లీ ఆవిరికి పెట్టకండి. ముళ్లు తీసి, చేత్తో పొడిచేసి, ఫ్రిజ్‌లో పెట్టుకోండి. కోస్తాలో సొరచేపను పసుపు నీళ్లలో ఉడికించి, తోలు తీసి, పొడిచేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లితో వేయిస్తారు. మీ దగ్గరున్న చేపనూ అలాగే చేయండి. తాలింపు బాగా వేగాక చివర్లో చేప పొడి వేసి, రెండు నిమిషాల్లో దించేయాలి.