చెయిర్‌లిఫ్ట్ దిగేటప్పుడు పడిపోతున్నారా? స్నోబోర్డ్ కొత్తవాళ్లకు సమస్య - పరిష్కారం

రెండు కాళ్లూ కట్టుకుని వాలు మీద దిగడం వస్తోంది, మలుపులు కూడా కాస్త కుదురుతున్నాయి, కానీ చెయిర్‌లిఫ్ట్ (తీగకు వేలాడుతూ కొండ పైకి తీసుకెళ్లే కుర్చీ) దిగే చోట మాత్రం ప్రతిసారీ పడుతున్నాను అనేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వెనక కాలు బైండింగ్‌లోంచి (బూటును బోర్డుకు కట్టే పట్టీల అమరిక) తీసి లిఫ్ట్ ఎక్కాలని, కూర్చోగానే బార్ (పడిపోకుండా ముందు అడ్డుగా ఉండే కడ్డీ) దించుకోవాలని మీకు తెలుసనే అనుకుంటున్నాను.

కారణాలు వెతికే ముందు ఒక పరీక్ష. ముందు కాలు ఒక్కటే కట్టుకుని, వెనక పాదం ఊరికే బోర్డు మీద ఆనించి, చిన్న వాలు మీద పది పదిహేను మీటర్లు తిన్నగా జారగలరా? ఇది అడిగితే చాలామంది "అది తర్వాత చూద్దాం, ముందు లిఫ్ట్ ఎలా దిగాలో చెప్పండి" అంటారు. లిఫ్ట్ దిగడమంటే అదే కదండీ! చుట్టూ ఎవరూ లేని చోట, ఎవరూ తొందరపెట్టకుండా చేయలేని పని, వెనక కుర్చీ తోస్తుంటే, పక్కన ముగ్గురు కదులుతుంటే ఎలా కుదురుతుంది? ఇది రాకపోతే కింద చెప్పినవేవీ పనిచేయవు. కిందే ఓ అరగంట జారి రండి.

సమస్య: లేచిన వెంటనే వెనక్కి కూలబడటం

కారణం: టెన్షన్‌తో బరువంతా వెనక కాలి మీద వేయడం. బోర్డు ముందుకు పోతుంది, మీరు వెనకే ఉండిపోతారు.

పరిష్కారం: ముందు కాలి మోకాలు వంచి, బరువు సగానికి పైగా ముందు పాదం మీద ఉంచండి. చూపు ర్యాంప్ (కుర్చీ దిగి జారే చిన్న మంచు వాలు) చివర ఉండాలి. బోర్డును చూస్తే తల వంగుతుంది, నడుము వెనక్కి పోతుంది. ఇంకోటి, బోర్డు మంచుకు పూర్తిగా ఆనకముందే లేవకండి. ర్యాంప్ దగ్గరకు రాగానే బోర్డు ముందు కొస కాస్త పైకెత్తండి, లేదంటే అది మంచులో గుచ్చుకుంటుంది. కొస పైకే ఉంచి బోర్డును మంచు మీద ఆననిచ్చి, దిగే గుర్తు దగ్గర నిలబడండి. దూకాల్సిన పనే లేదు.

సమస్య: వెనక పాదం బోర్డు మీంచి జారిపోవడం

కారణం: బూటు అడుగున గడ్డకట్టిన మంచు. లేదా వెనక బైండింగ్ పట్టీలు లోపలికి మడిచి ఉండటం వల్ల పాదం వాటి మీద పడటం.

పరిష్కారం: కుర్చీలో ఉండగానే బూటు అడుగును బోర్డు అంచుకు గీకి మంచు రాల్చండి. పట్టీలు బయటికి తెరిచి పెట్టండి. నిలబడేటప్పుడు పాదాన్ని వెనక బైండింగ్‌కు ఆనించండి. స్టాంప్ ప్యాడ్ (పాదం జారకుండా బోర్డుకు అంటించే గరుకు ముక్క) ఉంటే మంచిదే, లేకపోయినా బైండింగ్ ఆసరా చాలు.

సమస్య: బోర్డు దానంతటదే పక్కకు తిరిగి పక్కవాళ్లకు తగలడం

అసలు దొంగ ఇదే. లిఫ్ట్ దిగడం నేర్పేటప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టిందీ ఇదే. బరువు ముందుకే ఉంటుంది, పాదం జారదు, సరైన చోటే లేస్తారు. అయినా సెకను తిరక్కుండానే బోర్డు అడ్డం తిరుగుతుంది, పక్కవాళ్లతో సహా అందరూ కుప్పలా పడతారు. "నాకు బాలెన్స్ లేదు" అని తమను తామే తిట్టుకుంటారు.

ఒకటి గమనించండి. ఎడమ కాలు ముందు పెట్టే రెగ్యులర్ వాళ్లకు బోర్డు దాదాపు ఎప్పుడూ ఎడమకే తిరుగుతుంది. కుడి కాలు ముందు పెట్టే గూఫీ వాళ్లకు కుడికే తిరుగుతుంది. బాలెన్స్ లోపమైతే ఒకసారి ఇటు, ఒకసారి అటు పడాలి. ఎప్పుడూ ఒకే పక్కకంటే దాన్ని ఏదో పనిగట్టుకుని తిప్పుతోందన్నమాట.

తిప్పుతున్నది మీరు కూర్చున్న తీరు. మొదటి చెయిర్‌లిఫ్ట్‌లు 1936లో అమెరికాలో ఐడహో రాష్ట్రంలోని సన్ వ్యాలీలో వచ్చాయి. అవి స్కీయర్ల కోసం కట్టినవి, స్నోబోర్డ్‌లు ఆ తర్వాతెప్పుడో పుట్టాయి. స్కీయర్ కూర్చున్నా, లేచినా, జారినా ఛాతీ, మోకాళ్లు, స్కీలు అన్నీ ముందుకే ఉంటాయి. మనం బోర్డు మీద పక్కకు తిరిగి నిలబడతాం. కానీ కుర్చీ మనల్ని కూడా ముందుకే కూర్చోబెడుతుంది. అలా కూర్చున్నప్పుడు కాలు వదులుగా వదిలేస్తే బోర్డు కొస పక్కకే చూస్తుంది, రెగ్యులర్ అయితే ఎడమకి. ర్యాంప్ దగ్గరపడుతోందని చీలమండను, మోకాలిని మెలితిప్పి దాన్ని బలవంతంగా తిన్నగా పెడతారు. చూడటానికి అంతా బాగానే ఉంటుంది, అందుకే ఎవరికీ దొరకదు. బరువు వేసి లేచిన క్షణంలో మెలిపెట్టిన తాడు వదిలినట్టు ఆ మెలిక విడిపోతుంది. ముందుకు చూస్తున్న భుజాలు నడుమును లాగుతాయి, నడుము బోర్డును లాగుతుంది. వెనక చేత్తో కుర్చీని గట్టిగా నెట్టి లేచారా, ఆ భుజం కూడా ముందుకొచ్చి ఇంకాస్త తిప్పుతుంది.

పరిష్కారం బోర్డుతో కాకుండా తుంటితో మొదలవుతుంది. బార్ ఎత్తాక కుర్చీ అంచుకు జరగండి. ముందు కాలి వైపు తుంటిని ముందుకు తెచ్చి, నడుమును కాలివేళ్ల వైపు తిప్పి కూర్చోండి. రెగ్యులర్ అయితే కుడికి, గూఫీ అయితే ఎడమకి. ముందు భుజం ర్యాంప్ వైపు ఉండాలి, తల ఒక్కటే ముందుకు తిరిగి ఉండాలి. సరిపోయిందో లేదో చీలమండే చెబుతుంది. అక్కడ మెలిక తెలుస్తుంటే మీరింకా తిరగలేదు. ఏ శ్రమా లేకుండా బోర్డు తిన్నగా వేలాడితే తిరిగారన్నమాట. కుర్చీ నిండా జనం ఉంటే పూర్తిగా తిరగడం కుదరదు, సగం తిరిగినా చాలా తేడా వస్తుంది. పక్కవాళ్లతో "నేను కొత్త, కాస్త చోటివ్వండి" అని చెప్పడానికి మొహమాటపడకండి. పడితే నష్టపోయేది వాళ్లు కూడా.

దీన్ని కిందే సాధన చేయొచ్చు. బోర్డు ముందు కాలికి కట్టుకుని ఏదైనా బెంచీ మీద కూర్చోండి. మామూలుగా కూర్చుని ఒకసారి లేవండి, తుంటి తిప్పి ఒకసారి లేవండి. కొస ఎటు పోతోందో రెండుసార్లూ చూడండి. ఇక నేను చెప్పక్కర్లేదు.

అలవాటయ్యేదాకా రెగ్యులర్ వాళ్లు కుర్చీలో ఎడమ చివర, గూఫీ వాళ్లు కుడి చివర కూర్చోండి. బోర్డు తిరిగినా ఖాళీ వైపుకే పోతుంది. ర్యాంప్ ఒక పక్కకు వంపు తిరిగి ఉంటే మాత్రం ముందువాళ్లు ఎటు పోతున్నారో చూసి సీటు ఎంచుకోండి.

సమస్య: దిగాక ఆగలేకపోవడం

కారణం: ర్యాంప్ మీదే ఆగాలనుకోవడం.

పరిష్కారం: ఆగకండి, చదునైన చోటుదాకా పోనివ్వండి. అక్కడ వెనక పాదం వేళ్లనో మడమనో బోర్డు అంచు దాటించి మంచు మీద మెల్లగా రాయండి, వేగం తగ్గుతుంది. భయపడి వెనక కాలు మంచులో గట్టిగా పెట్టారంటే ముందు కాలు బోర్డుతో పాటు పోతుంది, మోకాలు మెలిక పడుతుంది.

సమస్య: కుర్చీ మరీ వేగంగా అనిపించడం

తీగను విడవకుండా పట్టుకునే రకం లిఫ్ట్ దిగే చోట కూడా సెకనుకు రెండు, రెండున్నర మీటర్ల వేగంతోనే పోతుంది. స్టేషన్‌లో తీగను వదిలే రకం పైదారిలో సెకనుకు 5 మీటర్లు పోయినా, దిగే చోట దాదాపు 1 మీటరుకు తగ్గుతుంది. మొదట రెండో రకం ఎంచుకోండి. అది లేకపోతే ఎక్కేటప్పుడే ఆపరేటర్‌కు కొత్తవాళ్లమని చెప్పండి, నెమ్మది చేస్తారు.

సమస్య: లేవాల్సిన చోటు దాటిపోవడం, లేదా పడిపోవడం

దాటిపోతే కూర్చునే ఉండండి, కిందికి దూకొద్దు. దిగే చోటు దాటాక మీ కాళ్లు తగిలితే లిఫ్ట్ ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. పడితే తల వంచి ఉంచి, వెంటనే పక్కకు పాకండి. జారిన గ్లవ్ కోసం వెనక్కి వెళ్లొద్దు.

బ్యాగు పట్టీలు, జాకెట్ తాళ్లు కుర్చీకి తగులుకుంటే ప్రమాదం. బ్యాగు ఎక్కేముందే ముందుకు వేసుకోండి.

బోర్డు పొడవు, బోర్డు అడుగున రాసే వ్యాక్స్, బైండింగ్ కోణాలు? వీటివల్ల లిఫ్ట్ దగ్గర పడేవాళ్లు చాలా అరుదు. వాటి జోలికి పోకండి. ముందు బైండింగ్ వదులుగా ఉందేమో చూసి, ఉంటే పట్టీని ఇంకో గాడి బిగించండి, అంతే.