పీట వేశాక దారికొచ్చింది

మా చిన్నదానికి 3 ఏళ్లు దాటాయి. ఒంటికి చెప్పేది గానీ, రెంటికి వస్తే తలుపు వెనక నక్కి, కాళ్లు మెలేసుకుని మునివేళ్ల మీద నిలబడేది. ముక్కుతోంది అనుకునేదాన్ని. కాదట, ఆపుకుంటోందట! పిల్లల డాక్టర్ చెబితే తెలిసింది. మలబద్ధకంతో ఒకసారి నొప్పి పుడితే ఆ భయానికి బిగబడతారు, బిగబట్టేకొద్దీ ఇంకా గట్టిపడుతుంది. రోజుకి దాదాపు లీటరు పాలు పట్టించేదాన్ని, అదీ ఒక కారణమే.

పాలు 2 గ్లాసులకి తగ్గించి, నీళ్లు, బొప్పాయి పెంచాను. డాక్టర్ రాసిన పొడి మందు కొన్ని వారాలు వాడాం. అసలు మార్పు మాత్రం పీటతో వచ్చింది. కమోడ్ మీద కాళ్లు గాల్లో వేలాడుతుంటే ముక్కడానికి పట్టు ఎక్కడిది? అందుకే కాళ్ల కింద పీట వేశాను. వంటింటి పీట బాత్రూంలో పెట్టానని అత్తయ్య 2 రోజులు నాతో మాట్లాడలేదు, అది వేరే కథ.

తిన్నాక పేగులు కదులుతాయి కాబట్టి భోజనం కాగానే 5 నిమిషాలు కూర్చోబెట్టేదాన్ని. రాకపోతే దింపేయడమే, తిట్టడాల్లేవు. తొమ్మిదో రోజు లోపల్నుంచి కేక: "అమ్మా, టప్‌మని పడింది!"

ఊరెళ్లినప్పుడు మళ్లీ 2 నిక్కర్లు పాడుచేసింది. ఇప్పుడు ఎక్కడికెళ్లినా బ్యాగులో పీట కూడా ఉంటోంది.