ఫ్రీ ఏజెంట్ పోతే పిక్ వస్తుందా? ఎన్‌ఎఫ్‌ఎల్ కాంపెన్సేటరీ లెక్క వేసుకోవడం ఎలా

ఐపీఎల్‌లో ఒక ఫ్రాంచైజీ వదులుకున్న ఆటగాణ్ణి ఇంకొకరు వేలంలో పాడుకుంటే పాత ఫ్రాంచైజీకి దక్కేదేమీ ఉండదు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అలా కాదు. కాంట్రాక్టు ముగిసిన ఆటగాడు (ఫ్రీ ఏజెంట్) వేరే టీమ్‌కి వెళ్లిపోతే, పాత టీమ్‌కి మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లను టీమ్‌లు ఏడు రౌండ్లలో వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) 3 నుంచి 7 వరకు ఏదో ఒక రౌండ్ చివర అదనపు పిక్, అంటే ఎంచుకునే వంతు, దొరికే అవకాశం ఉంది. దీన్నే కాంపెన్సేటరీ పిక్ అంటారు. 1994 డ్రాఫ్ట్ నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. 2000లో 199వ పిక్‌గా వచ్చిన టామ్ బ్రేడీ, 2016లో 135వ పిక్‌గా వచ్చిన డాక్ ప్రెస్కాట్ ఇలాంటి పిక్‌లతో దొరికినవాళ్లే. కాబట్టి ఇదేదో చిల్లర వ్యవహారం అనుకోనక్కర్లేదు.

చాలామంది అభిమానులు తప్పటడుగు వేసేది మొదట్లోనే. "మనవాడికి ఏడాదికి 15 మిలియన్ డాలర్లు వచ్చాయి, ఇక మనకి పిక్ ఖాయం" అనుకుంటారు. లీగ్ ఏ ఒక్క ఆటగాడికీ విడిగా పరిహారం ఇవ్వదు. ఎంతమంది పోయారు, ఎంతమంది వచ్చారు అని ముందు తలలు లెక్కపెట్టి, ఒకరికి ఒకరు చెల్లు వేసి, మిగిలినవాళ్లకే పిక్ ఇస్తుంది. ఈ చెల్లు వేసే తీరు తెలిస్తే మార్చి నెలలో జనరల్ మేనేజర్లు చేసే వింత పనులు సగం అర్థమైపోతాయి.

ముందు జాబితా: ఎవరు లెక్కలోకి వస్తారు

జనవరిలోనే రెండు నిలువు వరుసలు గీసుకోండి. ఎడమ వైపు పోబోయేవాళ్లు, కుడి వైపు తెచ్చుకోబోయేవాళ్లు. రెండు వైపులా ఒకటే నియమం: కాంట్రాక్టు గడువు తీరి, అన్‌రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్‌గా (ఏ టీమ్‌తోనైనా స్వేచ్ఛగా సంతకం చేయగలవాడిగా) టీమ్ మారినవాడే లెక్క. శాలరీ క్యాప్ (టీమ్ మొత్తం జీతాల మీద లీగ్ పెట్టే పరిమితి) సర్దుబాటు కోసం కాంట్రాక్టు చివర తగిలించే నామమాత్రపు వాయిడ్ సంవత్సరాలు రద్దయి బయటికొచ్చినవాడు కూడా గడువు తీరినవాడి కిందే లెక్క.

లెక్కలోకి రానివాళ్ల జాబితా ఇంకా ముఖ్యం. కాంట్రాక్టు ఉండగానే టీమ్ తీసేసిన ఆటగాడు రాడు. ట్రేడ్‌లో చేతులు మారినవాడు రాడు. రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్‌కి (పాత టీమ్‌కి ఇంకా కొంత హక్కు ఉన్నవాడికి) పాత టీమ్ టెండర్, అంటే ఏడాది కాంట్రాక్టు ప్రతిపాదన, ఇవ్వకుండా వదిలేస్తే అతనూ రాడు. కనీస జీతానికి, వెటరన్ శాలరీ బెనిఫిట్ (అనుభవజ్ఞుడి కనీస జీతాన్ని క్యాప్‌లో తక్కువగా లెక్కగట్టే నియమం) కింద సంతకం చేసినవాడు రాడు. డ్రాఫ్ట్ ముగిశాక వచ్చే సోమవారం సాయంత్రం 4 గంటలు (అమెరికా తూర్పు తీర సమయం) దాటాక సంతకం చేసినవాడు కూడా రాడు.

ఆ సోమవారం గడువుకి ఒక్క మినహాయింపు ఉంది. ఇంకా ఎవరూ తీసుకోని తన పాత ఆటగాడికి టీమ్ ఆలోపే గత జీతం మీద 110 శాతం లెక్కన టెండర్ ఇస్తే, జూలై 22 లోపు అతను వేరే చోటికి పోయినా లెక్కలో ఉంటాడు. 2017లో పేట్రియాట్స్ లెగారెట్ బ్లౌంట్‌కి ఈ టెండరే ఇచ్చారు. దీన్ని వాడే టీమ్‌లు అరుదు. ఎందుకంటే ఎవరూ తీసుకోకపోతే ఆ జీతం తమ నెత్తినే పడుతుంది.

తర్వాత ధర: ఏ రౌండ్ విలువ

లీగ్ ఆటగాళ్లందరినీ ఒక వరుసలో పెడుతుంది. ఆ వరుసను ప్రధానంగా నిర్ణయించేది కొత్త కాంట్రాక్టులో సగటు ఏడాది జీతం. దానికి ఆ సీజన్‌లో ఎన్ని స్నాప్‌లు (బంతి ఆటలోకి వచ్చే ఒక్కో విడత) ఆడాడన్నది, ఆల్-ప్రో (ఏడాది ఉత్తమ ఆటగాళ్ల జట్టు) లాంటి గౌరవాలు కలుస్తాయి. లీగ్, ఆటగాళ్ల సంఘం చేసుకున్న 2020 ఒప్పందం తర్వాత హద్దులు ఇలా ఉన్నాయి: పై 5 శాతంలో ఉంటే 3వ రౌండ్, 10 శాతంలోపు 4, 15 లోపు 5, 25 లోపు 6, 35 లోపు 7. అంతకంటే కింద ఉంటే అతను లెక్కలోనే లేడు. పోయినా లాభం లేదు, తెచ్చుకున్నా నష్టం లేదు.

ఇంట్లో కూర్చుని అంచనా వేయాలంటే సులువైన దారి ఒకటుంది. గత ఏడాది ఏ జీతానికి ఏ రౌండ్ పిక్ వచ్చిందో చూసి, ఆ అంకెల్ని శాలరీ క్యాప్ పెరిగినంత మేర పెంచుకోవాలి. 2024లో క్యాప్ 255.4 మిలియన్ డాలర్లు, 2025లో 279.2. అంటే పాత హద్దుల్ని 9 శాతం పైచిలుకు జరపాలి. ఈ పని మర్చిపోతే ఆశించినదానికంటే ఒక రౌండ్ కిందికి పడటం మామూలే. వార్తల్లో "గరిష్ఠంగా 30 మిలియన్లు" అని వచ్చే అంకెని నమ్మొద్దు, అందులో ప్రోత్సాహకాలు కలిసి ఉంటాయి. స్నాప్‌ల లెక్క అసలు తేడా చూపేది హద్దు దగ్గర ఉన్నవాళ్ల విషయంలోనే. 4, 5 రౌండ్ల మధ్య ఊగుతున్న గార్డ్ అక్టోబర్‌లో మోకాలు దెబ్బతిని కూర్చుంటే పాత టీమ్ పిక్ కిందికి జారుతుంది.

అనుభవం మీద ఒక పరిమితి ఉంది. 10 లేదా అంతకంటే ఎక్కువ సీజన్లు పూర్తయినవాడికి ఎంత జీతం వచ్చినా 5వ రౌండ్‌కి మించి విలువ కట్టరు. 2011లో డ్రాఫ్ట్ అయిన వాన్ మిల్లర్ 2022లో బిల్స్‌తో 6 ఏళ్లకి 120 మిలియన్ల ఒప్పందం చేసుకున్నా అతని పాత టీమ్ రామ్స్‌కి ఈ పరిమితే అడ్డు. క్వార్టర్‌బ్యాక్‌లకు (బంతి విసిరి దాడిని నడిపేవాళ్లకు) మాత్రం ఇది వర్తించదు. 2024లో కర్క్ కజిన్స్ 4 ఏళ్లకి 180 మిలియన్లతో అట్లాంటాకి పోతే, పన్నెండు సీజన్లు ఆడినవాడైనా పాత టీమ్ వైకింగ్స్‌కి 2025లో 3వ రౌండ్ చివర 97వ పిక్ వచ్చింది.

చెల్లు వేయడం: అసలు కథంతా ఇక్కడే

తెచ్చుకున్నవాళ్లలో ఎక్కువ విలువ ఉన్నవాడితో మొదలుపెట్టండి. పోయినవాళ్లలో అదే రౌండ్ విలువ ఉన్నవాణ్ణి అతను కొట్టేస్తాడు. ఆ రౌండ్‌లో ఎవరూ లేకపోతే కింది రౌండ్లలో ఉన్న పెద్దవాణ్ణి కొట్టేస్తాడు. కింద కూడా ఎవరూ మిగలకపోతే అప్పుడు పై రౌండ్ వాడికి ఎసరు పెడతాడు.

ఉదాహరణకి ఒక టీమ్ నలుగురిని పోగొట్టుకుంది (పేర్లు ఆట స్థానాలవి, బ్రాకెట్లో ఉన్నది రౌండ్ విలువ): ఎడ్జ్ రషర్ (3), గార్డ్ (5), సేఫ్టీ (6), టైట్ ఎండ్ (7). ఇద్దరిని తెచ్చుకుంది: రిసీవర్ (4), లైన్‌బ్యాకర్ (7). రిసీవర్‌కి సరిజోడు 4వ రౌండ్ వాడు ఎడమ వైపు లేడు కాబట్టి కిందికి దిగి గార్డ్‌ని కొట్టేస్తాడు. లైన్‌బ్యాకర్ టైట్ ఎండ్‌ని కొట్టేస్తాడు. మిగిలినవి 3, 6. రెండు పిక్‌లు వస్తాయి. బాగానే ఉంది.

ఇప్పుడు ఈ టీమ్‌కి బ్యాకప్ కార్నర్‌బ్యాక్ కావాలి, అతని విలువ 7. తెచ్చుకుంటే ఏమవుతుంది? సరిజోడు టైట్ ఎండ్ అప్పటికే పోయాడు, కింద ఇంకెవరూ లేరు, కాబట్టి పైకి ఎక్కి సేఫ్టీని కొట్టేస్తాడు. 6వ రౌండ్ పిక్ పోయింది. ఆ పైన ఇంకో 7వ రౌండ్ విలువ ఉన్నవాణ్ణి తెస్తే? ఎడమ వైపు మిగిలింది ఎడ్జ్ రషర్ ఒక్కడే. అంటే రిజర్వు ఆటగాడొకడు 3వ రౌండ్ పిక్‌ని మింగేస్తాడు! నలుగురు పోయి నలుగురు వచ్చారు, తలల లెక్క సరిపోయింది. పోయినవాళ్ల విలువ బాగా ఎక్కువైతే 7వ రౌండ్ చిట్టచివర ఒక ఓదార్పు పిక్ ఇచ్చే వీలుంది కానీ, 3వ రౌండ్‌తో పోలిస్తే అదెంత?

అందుకే మా అభిప్రాయంలో ఈ లెక్కలో అత్యంత ఖరీదైనవాడు భారీ జీతం ఇచ్చి తెచ్చుకున్న స్టార్ కాదు, చవగ్గా వచ్చాడని ఆఖర్లో సంతకం చేయించిన మూడో లైన్‌బ్యాకర్. ప్రతి కొత్త సంతకానికీ ముందు "ఇతను ఎవరిని కొట్టేస్తాడు?" అని ఆ రోజు జాబితాతో సరిచూసుకోవాలి. నిన్నటి జాబితాతో కాదు. ఎందుకంటే మీ పాత ఆటగాడు ఇంకెక్కడో సంతకం చేసేదాకా ఎడమ వరుసలో లేనట్టే.

బాల్టిమోర్ 2021: చూసి నేర్చుకోదగ్గ ఆఫ్‌సీజన్

ఈ పద్ధతి మొదలయ్యాక అందరికంటే ఎక్కువ, యాభైకి పైగా, కాంపెన్సేటరీ పిక్‌లు రాబట్టింది బాల్టిమోర్ టీమ్ రేవెన్స్. వాళ్ల 2021 వసంతం పాఠంలా ఉంటుంది. పాస్ రషర్లు (ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లేవాళ్లు) మాథ్యూ జూడాన్ పేట్రియాట్స్‌కి, యానిక్ ఇంగాక్వే రైడర్స్‌కి వెళ్లిపోయారు. ఇద్దరూ 4వ రౌండ్ విలువ ఉన్నవాళ్లు. అఫెన్సివ్ లైన్‌లో గార్డ్ కావాలి. మార్కెట్లో గడువు తీరిన గార్డులు ఉన్నా రేవెన్స్ తెచ్చుకున్నది కెవిన్ జైట్లర్‌ని, 3 ఏళ్లకి 22 మిలియన్లు. జెయింట్స్ అతన్ని తీసేశారు కాబట్టి కుడి వరుసలో అతని పేరే లేదు.

ఏప్రిల్‌లో ట్యాకిల్ ఓర్లాండో బ్రౌన్‌ని చీఫ్స్‌కి ట్రేడ్ చేశారు. ఆ స్థానానికి మనిషి కావాలి, స్టీలర్స్ దగ్గర గడువు తీరిన అలెహాండ్రో విల్లానువేవా ఖాళీగా ఉన్నాడు. డ్రాఫ్ట్ తర్వాతి సోమవారం మే 3. అతనితో ఒప్పందం మే 4న కుదిరింది. ఆ ఒక్క రోజు ఆగినందుకు అతను లెక్కలోకి రాలేదు. పాస్ రషర్ జస్టిన్ హ్యూస్టన్‌ని ఇంకా ఆగి వేసవిలో తెచ్చుకున్నారు. 2022 డ్రాఫ్ట్‌లో జూడాన్, ఇంగాక్వేలకు రెండు 4వ రౌండ్ పిక్‌లూ చేతికొచ్చాయి.

ఇంగాక్వే విషయంలో ఇంకో సూక్ష్మం ఉంది. అతన్ని వాళ్లు 2020 అక్టోబర్‌లో ట్రేడ్‌లో తెచ్చుకున్నారు. గడువు తీరబోయే కాంట్రాక్టు ఉన్నవాణ్ణి సీజన్ మధ్యలో ట్రేడ్ చేసి తెచ్చుకుంటే కుడి వరుసలో పడడు, మార్చిలో పోతే ఎడమ వరుసలో పడతాడు. ట్రేడ్‌కి ఇచ్చిన పిక్‌లో కొంత అలా వెనక్కి వస్తుంది. ట్రేడ్ ధర మాట్లాడేటప్పుడే ఈ రాబడిని కలిపి చూడాలి.

ఆ ఏడాదే దీనికి సరిగ్గా ఎదురు దారిలో నడిచింది న్యూ ఇంగ్లండ్ టీమ్ పేట్రియాట్స్. వాళ్ల గార్డ్ జో తూనీ 5 ఏళ్లకి 80 మిలియన్ల కాంట్రాక్టుతో చీఫ్స్‌కి పోయాడు. కానీ పేట్రియాట్స్ జూడాన్, హంటర్ హెన్రీ, జాను స్మిత్, నెల్సన్ అగోలార్ అంటూ వరసపెట్టి కొన్నారు. తూనీకి రావాల్సిన పిక్ ఆ కొనుగోళ్ల కింద కొట్టుకుపోయింది. అది తప్పని అనలేం. క్యాప్‌లో అంత ఖాళీ ఉండి, ఇన్ని స్థానాలు బలహీనంగా ఉన్నప్పుడు పిక్ కోసం చేతులు కట్టుకుని కూర్చోవడమే తప్పు. ఒకసారి నలుగురైదుగురిని తెచ్చుకున్నాక, ఎడమ వరుస ఖాళీ అయ్యాక, ఆరో వాడి వల్ల కొత్తగా పోయేదేమీ లేదు. అప్పుడు ధైర్యంగా కొనొచ్చు. నష్టపోయేది మధ్యలో నిలబడినవాళ్లే: ముగ్గురు పోయి ఇద్దరు వచ్చిన టీమ్ ఇంకొక్కణ్ణి తెచ్చుకోబోయేటప్పుడు.

తూకం వేసేటప్పుడు

ఫ్రీ ఏజెంట్ అసలు ఖరీదు అంటే జీతంతో పాటు అతను కొట్టేసే పిక్. 4 మిలియన్ల లైన్‌బ్యాకర్ 4వ రౌండ్ పిక్‌ని తీసేస్తుంటే, అదే స్థాయిలో వేరే టీమ్ తీసేసిన ఆటగాడికి 5 మిలియన్లు ఇచ్చినా లాభమే. ఎవరూ దొరక్కపోతే కాంట్రాక్టు ఉన్నవాణ్ణి 6వ రౌండ్ పిక్ ఇచ్చి ట్రేడ్‌లో తెచ్చుకోవడం ఇంకో దారి. మూడోది, సోమవారం దాకా ఆగడం. ఏజెంట్లకీ ఈ గడువు తెలుసు. ఏప్రిల్ చివరి వారాల్లో 30 దాటిన ఆటగాళ్ల ఫోన్లు మోగకపోవడానికి, ఆ మంగళవారం నుంచి వరసగా ఒప్పందాలు బయటపడటానికి కారణం ఇదే. అయితే కావాల్సినవాడు ఒక్కడే ఉండి, అతని మీద ఇంకో రెండు టీమ్‌ల కన్ను ఉంటే ఆగడం జూదం.

పిక్ వైపు విలువ కట్టేటప్పుడు రెండు కోతలు వేయండి. మొదటిది, అది వచ్చే ఏడాది పిక్. ట్రేడ్‌లలో వచ్చే ఏడాది పిక్‌కి ఈ ఏడాది దానికంటే ఒక రౌండ్ తక్కువ విలువ కట్టడం మామూలు పద్ధతి. రెండోది, అది రౌండ్ చివర వస్తుంది. 3వ రౌండ్ కాంపెన్సేటరీ అంటే దాదాపు 4వ రౌండ్ ఆరంభం. ఇవి తీసేశాక కూడా నాలుగేళ్ల చౌక రూకీ (కొత్త ఆటగాడి) కాంట్రాక్టు మీద ఒక మనిషి దొరుకుతున్నాడన్న మాట నిలుస్తుంది. 2017 డ్రాఫ్ట్ నుంచి ఈ పిక్‌లను ట్రేడ్ కూడా చేయొచ్చు కాబట్టి వాటి విలువ పెరిగింది.

సీజన్ మొదలయ్యాక

పుస్తకం మూసేయకండి. తెచ్చుకున్నవాణ్ణి 10వ వారం లోపు తీసేస్తే అతను కుడి వరుస నుంచి తొలగిపోతాడు. 2019 అక్టోబర్‌లో రేవెన్స్ జస్టిన్ బెతెల్‌ని వదిలేయడం 4వ రౌండ్ పిక్ కాపాడుకోవడానికేనని అప్పట్లో అందరూ రాశారు. బెతెల్ స్పెషల్ టీమ్స్ (బంతిని తన్నే సందర్భాల్లో దిగే దళం) ఆటగాడు, పేట్రియాట్స్ వెంటనే తీసుకున్నారు. అంటే ఆ పిక్‌కి వెల ఒక మంచి కవరేజ్ ఆటగాడు, అదీ పోటీలో ఉన్న టీమ్ చేతికి. ఇది ఎదురు దిశలోనూ జరుగుతుంది. మీ దగ్గర్నుంచి పోయినవాణ్ణి కొత్త టీమ్ అక్టోబర్‌లో తీసేస్తే మీ ఎడమ వరుస కూడా చిన్నదవుతుంది. అందుకే 8వ వారంలో రెండు వరుసల్నీ మళ్లీ రాసుకుని, అంచున ఉన్న రిజర్వు ఆటగాళ్లెవరో, వాళ్లు ఏ పిక్‌కి అడ్డో చూసుకోవాలి.

చివరి రెండు పరిమితులు. ఒక టీమ్‌కి నాలుగుకి మించి రావు, లీగ్ మొత్తానికి 32. అర్హులు అంతకంటే ఎక్కువుంటే అడుగున ఉన్న 7వ రౌండ్ పిక్‌లు రాలిపోతాయి, కాబట్టి 7వ రౌండ్ పిక్ కోసం ఒక ఆటగాణ్ణి వదులుకోవడం అర్థం లేని పని. మైనారిటీ కోచ్ హెడ్ కోచ్‌గానో, ఎగ్జిక్యూటివ్ జనరల్ మేనేజర్‌గానో వేరే టీమ్‌కి వెళ్తే 2020 తీర్మానం ప్రకారం పాత టీమ్‌కి దక్కే 3వ రౌండ్ పిక్‌లు ఈ 32లో కలవవు, ఫ్రీ ఏజెంట్ల చెల్లుతోనూ వాటికి సంబంధం లేదు. వాటిని మీ జాబితాలో వేరే కాగితం మీద రాసుకోండి.