పెద్ద సంఖ్యల పరిశీలన – ఆరవ పాఠం: 720720కు భాజకాలెన్ని?

గత పాఠం చివర 720720కు ఎన్ని భాజకాలున్నాయో, అంటే దాన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్యలెన్నో, లెక్కించమని అడిగితే, మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి వచ్చిన జవాబుల్లో ఎక్కువ వాటిలో 8 అని ఉంది. ఈసారి శేషాల గురించి రాయవలసి ఉన్నా, ఈ తప్పును సరిదిద్దకుండా ముందుకు వెళ్లడం నాకు ఇష్టం లేదు.

కారణాంకాల కోసం చాలామంది 2తో మొదలుపెట్టి పుటంతా భాగహారాలు చేశారు. మూడంకెల గుంపు రెండుసార్లు వరుసగా వస్తే ఆ సంఖ్య ఆ గుంపుకు 1001 రెట్లు. 1001 అంటే 7 × 11 × 13. నేనెప్పుడూ ఈ దారినే వెళతాను. కనుక 720720 = 720 × 1001 = 2⁴ × 3² × 5 × 7 × 11 × 13.

మీరు 4, 2, 1, 1, 1, 1 అనే ఘాతాంకాలను గుణించి 8 తెచ్చారు. భాజకాన్ని కూర్చేటప్పుడు 2ను అసలే తీసుకోకపోవడమూ ఒక ఎంపికే కనుక 2 విషయంలో ఐదు ఎంపికలు, 3 విషయంలో మూడు, మిగిలిన నాలుగింటికీ రెండేసి ఉంటాయి; మొత్తం 5 × 3 × 2 × 2 × 2 × 2 = 240. 1 నుండి 16 వరకు ప్రతి సంఖ్యా 720720ను నిశ్శేషంగా భాగిస్తుందని గత పాఠంలోనే చూశాం. పదహారు భాజకాలు కళ్లెదుటే ఉండగా జవాబు 8 కాజాలదు.

ఇంతకంటే నన్ను ఎక్కువగా బాధించిన తప్పు మరొకటి ఉంది: “8తో భాగించబడుతుంది, 12తోనూ భాగించబడుతుంది, కాబట్టి 96తోనూ భాగించబడుతుంది.” పలాసలో 720720 జీడిపప్పులను ఎనిమిదేసి చొప్పున పొట్లాలు కట్టినా, పన్నెండేసి చొప్పున కట్టినా ఒక్కటీ మిగలదు, 96 చొప్పున కడితే మాత్రం 7507 పొట్లాలు నిండి 48 మిగిలిపోతాయి. 8లోని మూడు 2లలో రెండు 12లోనూ ఉన్నవే, గుణించినప్పుడు వాటినే మళ్లీ లెక్కపెట్టాం. 96కు ఐదు 2లు కావాలి, మన సంఖ్యలో ఉన్నవి నాలుగే. 8, 12లను బట్టి చెప్పగలిగేది వాటి క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) అయిన 24 వరకే. 10, 15ల నుండి 30 వస్తుంది గాని 150 రాదు. 8, 9లు సాపేక్ష ప్రధాన సంఖ్యలు, అంటే వాటికి 1 తప్ప ఉమ్మడి భాజకం లేదు గనుక అక్కడ 72 అని నిస్సందేహంగా రాయవచ్చు. 6, 15లను గుణించి 90 అన్నవారి జవాబు సరిపోయింది, కాని తర్కం సరిపోలేదు: 90 భాగించడానికి కారణం సంఖ్యలో 3² ఉండటమే. 30 కూడా 6తోనూ 15తోనూ భాగించబడుతుంది, 90తో భాగించబడదు.

ఘాతాంకాలన్నీ సరి సంఖ్యలు కావు కనుక 720720 ఖచ్చిత వర్గం కాదు. 5005తో గుణిస్తే 60060కి వర్గమవుతుంది.

అభ్యాసం: 720720ను 17తో గుణిస్తే వచ్చే 12252240ను 18 కూడా ఎందుకు భాగిస్తుందో కారణంతో రాయండి. తరువాత 1 నుండి 30 వరకు అన్నింటితో భాగించబడే కనిష్ఠ సంఖ్యను ఒక్క భాగహారం కూడా చేయకుండా కనుగొని, దాని భాజకాల సంఖ్యను పంపండి.